కరెంటు పెంచితే కణం చిన్నదవుతుంది

గిల్టు నగలకు బంగారు పూత వేసే తొట్టి పనిచేసే తీరు తెలిసిందే. కరెంటు పారగానే ద్రావణంలోని లోహ అయాన్లు ఋణధ్రువాన్ని చేరి, ఎలక్ట్రాన్లు అందుకుని లోహ పరమాణువులవుతాయి. అక్కడే అతుక్కుని పొర కడతాయి. అలా అతుక్కోక ముందే వాటిని పక్కకు లాగేస్తే?

1994లో జర్మనీలోని మ్యుల్‌హైమ్ పట్టణంలో మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన మన్‌ఫ్రెడ్ రీట్జ్, ఆయన సహచరుడు హెల్‌బిగ్ చేసి చూపించింది ఇదే. వాళ్లు ఎంచుకున్న లోహం పల్లేడియం. ధనధ్రువంగా పల్లేడియం రేకు, ఋణధ్రువంగా ప్లాటినం పెట్టారు. కరెంటు పారుతుంటే పల్లేడియం రేకు కరిగి అయాన్లుగా ద్రావణంలోకి వస్తుంది. అవి ఋణధ్రువం దగ్గర మళ్లీ లోహమై, నాలుగైదు పరమాణువులు కలిసి చిన్న చిన్న ముద్దలు కట్టడం మొదలుపెడతాయి.

ఇక్కడే రెండో పాత్ర ప్రవేశిస్తుంది. ద్రావణంలో ముందే కలిపి ఉంచిన టెట్రా ఆక్టైల్ అమ్మోనియం బ్రోమైడ్ అనే లవణం అది. దాని ధనావేశ భాగంలో మధ్యన నైట్రోజన్, చుట్టూ ఎనిమిదేసి కార్బన్ల పొడవున్న నాలుగు తోకలు ఉంటాయి. ఇవి లోహపు ముద్ద చుట్టూ చేరి, పక్క ముద్ద వచ్చి తగలకుండా ఎడం పెడతాయి. పెరుగుదల అంతటితో ఆగుతుంది. ఈ తొడుగు లేకపోతే కణాలన్నీ ఒకదానికొకటి అంటుకుని మామూలు పల్లేడియం పొడిగా మిగిలిపోతాయి.

ఇంత కష్టం దేనికి? పల్లేడియం ఖరీదైన లోహం. దాన్ని ఎక్కువగా వాడేది ఉత్ప్రేరకంగా, అంటే తాను ఖర్చు కాకుండా రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థంగా. ఆ పని చేసేది ఉపరితలం మీది పరమాణువులే. లోపల ఉన్నవి దాదాపు దండుగ. 55 పరమాణువుల ముద్దలో 42 పైనే ఉంటాయి, అంటే నూటికి 76. అదే 561 పరమాణువులైతే పైన ఉండేవి 252, నూటికి 45. ముద్ద పెరిగేకొద్దీ డబ్బు లోపల పాతిపెట్టినట్టే.

ఆ పరిమాణాన్ని వాళ్లు కరెంటుతోనే అదుపు చేశారు. ఎలక్ట్రోడు చదరపు సెంటీమీటరుకు 0.1 మిల్లీయాంపియర్ చొప్పున పంపితే సుమారు 4.8 నానోమీటర్ల కణాలు వచ్చాయి. 5 మిల్లీయాంపియర్లకు పెంచితే 1.4 నానోమీటర్లవి వచ్చాయి. (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు.) కరెంటు పెంచితే లోహం ఎక్కువ వస్తుంది కదా, కణం పెద్దది కావాలి కదా అని అనిపించడం సహజం. కానీ కరెంటును తోసే వోల్టేజీ పెరిగినప్పుడు కొత్త ముద్దలు పుట్టే వేగం ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. పంక్తిలో అన్నం రెట్టింపయినా, విస్తళ్లు పదింతలైతే ఒక్కో విస్తట్లో పడేది తగ్గుతుంది. ఇదీ అంతే.

అయితే కరెంటు మీట ఒక్కటే సర్వం కాదు. ఎలక్ట్రోడ్ల మధ్య దూరం, ఉష్ణోగ్రత, సమయం, ద్రావణి స్వభావం కూడా పరిమాణాన్ని మారుస్తాయని రీట్జ్ బృందమే 2001లో వివరించింది.

సాధారణ రసాయన పద్ధతిలో సోడియం బోరోహైడ్రైడ్ లాంటి పదార్థంతో లోహ అయాన్లను లోహంగా మారుస్తారు. పని అయ్యాక దాని అవశేషాలు ద్రావణంలో మిగులుతాయి. ఇక్కడ ఆ పని ఎలక్ట్రాన్ చేస్తుంది కాబట్టి ఆ చెత్త ఉండదు. పైగా ఈ ద్రావణంలో తయారైన కణాలు కరగక నల్లటి మడ్డిలా అడుగుకు చేరతాయి, విడదీయడం సులువు. చిక్కల్లా తొడుగుతోనే. కణాన్ని కాపాడే ఆ తోకలే ఉత్ప్రేరకంగా వాడేటప్పుడు ఉపరితలాన్ని కొంత కప్పేస్తాయి. పూర్తిగా తీసేస్తే కణాలు అంటుకుపోతాయి. అందుకే చాలామంది ముందుగా వాటిని బొగ్గు లాంటి ఆధారం మీద పరిచి వాడతారు.

వెండి విషయానికొస్తే, 2000లో స్పెయిన్‌లోని సాంటియాగో డి కాంపొస్టెలా పరిశోధకులు ఇదే పద్ధతిలో 2 నుంచి 7 నానోమీటర్ల కణాలు చేశారు. అక్కడ ఎదురైన ఇబ్బంది వేరు: వెండి కొంత ఋణధ్రువానికే అతుక్కుని, పాత గిల్టు తొట్టిలో లాగే పూత కట్టబోయింది.