కరెంటు పెట్టారు సరే, ఆ తర్వాతి సంగతి ఎవరు చెప్తారు?

మన ఊళ్లలో రేడియేషన్‌ని "కరెంటు పెట్టడం" అంటారు. "గర్భసంచి తీసేశారు, తర్వాత కరెంటు పెట్టారు" అన్న ఒక్క మాటతో ఎండోమెట్రియల్ క్యాన్సర్ చికిత్స కథంతా ముగిసిపోతుంది. ఏ రకం కరెంటు, ఎన్నిసార్లు, ఆ తర్వాత ఒంట్లో ఏం మారుతుంది అన్నది చాలామంది ఆడవాళ్లకు తెలియదు. వైద్యం అందడం హక్కయితే, దాని గురించి తెలుసుకోవడమూ హక్కే. అందుకే ఇది రాస్తున్నాం.

ఇది గర్భసంచి లోపలి పొరకు వచ్చే క్యాన్సర్. ఎక్కువగా ముట్లు ఆగిపోయిన వయసులో వస్తుంది. ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించడం దీని ముఖ్యమైన గుర్తు. ఆపరేషన్‌లో గర్భసంచి తీసేశాక కొందరికి యోని పైభాగంలో, కుట్లు వేసిన చోట, క్యాన్సర్ తిరిగి రావచ్చు. దాన్ని అడ్డుకోవడానికే లోపలి రేడియేషన్. డాక్టర్లు దీన్ని బ్రాకీథెరపీ అంటారు. యోనిలో గొట్టం లాంటి పరికరం పెట్టి, దాని గుండా ఇరిడియం-192 లాంటి రేడియోధార్మిక పదార్థాన్ని కొన్ని నిమిషాలు పంపి, వెనక్కి తీసేస్తారు. ఆ తర్వాత ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు. ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోవచ్చు. అంటు పేరుతో ఆమెను దూరం పెట్టాల్సిన పనే లేదు.

ఫలితం ఎలా ఉంటుంది? నెదర్లాండ్స్‌లో ఒక మోస్తరు కంటే ఎక్కువ ముప్పున్న 427 మంది మహిళలతో జరిగిన పోర్టెక్-2 అధ్యయనం 2010లో వెలువడింది. ఐదేళ్లలో యోనిలో క్యాన్సర్ తిరిగి వచ్చింది లోపలి రేడియేషన్ తీసుకున్నవారిలో 1.8 శాతం, బయటి నుంచి ఇచ్చినవారిలో 1.6 శాతం. ప్రాణాలు నిలవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. చికిత్స ముగిసేనాటికి విరేచనాల వంటి పేగు ఇబ్బందులు మాత్రం బయటి రేడియేషన్‌లో 53.8 శాతం మందికి ఉంటే, లోపలి దాంట్లో 12.6 శాతం మందికే ఉన్నాయి.

కూలి మనిషికి ఇంకో లెక్క కూడా ముఖ్యం. ఆ అధ్యయనంలో బయటి రేడియేషన్ 23 సార్లు ఇచ్చారు. నేడు ఎక్కువగా వాడే లోపలి పద్ధతిలో 3 సార్లు సరిపోయింది. ఎన్నిసార్లన్నది ఆసుపత్రిని బట్టి కొంత మారుతుంది. పల్లె నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రికి వెళ్లే కుటుంబానికి ఆ తేడా ఎన్ని రోజుల కూలో, ఎన్ని బస్సు చార్జీలో మనకు తెలుసు. అయితే క్యాన్సర్ గడ్డలకు పాకితే, ముప్పు మరీ ఎక్కువైతే బయటి రేడియేషన్, కీమో అవసరం కావచ్చు.

ఇక దుష్ఫలితాలు. మొదటి వారాల్లో నీరసం, మూత్రంలో మంట, మాటిమాటికీ మూత్రం రావడం, కొంచెం రక్తపు మరక ఉండొచ్చు. చాలావరకు ఇవి తగ్గిపోతాయి. నెలలు గడిచాక వచ్చేవి వేరు: యోని పొర పలచబడి పొడిబారడం, ఇరుకై పొట్టిగా మారడం, కలయికలో నొప్పి. వైద్య నివేదికల్లో వీటిలో చాలా వాటిని "స్వల్పం" అని రాస్తారు. భరించే మనిషికి అది స్వల్పం కాదు.

ఇరుకు కాకుండా ఉండేందుకు, పుండు మానాక, వారానికి కొన్నిసార్లు డైలేటర్ అనే నున్నటి గొట్టం వాడమని సలహా ఇస్తారు. పొడిబారితే జెల్ వాడొచ్చు. కానీ ఆ మాట ఎవరు చెప్తారు? "వయసైపోయింది కదా, భర్త లేడు కదా" అనుకుని చెప్పకుండా వదిలేస్తే అది అన్యాయం. యోని ఇరుకైతే తర్వాతి పరీక్షలూ నొప్పిగా మారతాయి. నొప్పికి భయపడి ఆమె పరీక్షకు రాకపోతే, క్యాన్సర్ తిరిగొచ్చినా ఆలస్యంగానే తెలుస్తుంది. ఒకే గదిలో ఆరుగురు ఉండే ఇంట్లో డైలేటర్ ఎక్కడ, ఎప్పుడు వాడాలన్నదీ వైద్యం అడగాల్సిన ప్రశ్నే.

ఆసుపత్రికి తోడు వెళ్లే మన కార్యకర్తలు, విద్యార్థులు నాలుగు ప్రశ్నలు అడగాలి. లోపలిదా, బయటిదా, ఎందుకు? ఎన్నిసార్లు రావాలి? డైలేటర్, జెల్ ఆసుపత్రే ఇస్తుందా, కొనుక్కోవాలా? మళ్లీ రక్తం కనిపిస్తే ఎవరి దగ్గరికి రావాలి? జవాబులు ఆమెకే, ఆమెకు అర్థమయ్యే తెలుగులో, ఒక ఆడ నర్సు పక్కన ఉండగా చెప్పమనాలి. సంతకమో వేలిముద్రో అడిగేది ఆ తర్వాతే.