పాత కారులో మూడు రబ్బరు గొట్టాలు

భిలాయిలోని క్యాంప్ 1 ఒకప్పుడు ఉక్కు కర్మాగారం కట్టడానికి వచ్చిన కూలీల శిబిరం. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. పండగకు కారులో సొంతూరు బయల్దేరితే జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా సాలూరు ఘాట్ దిగాలి. కారు పదిహేనేళ్లు దాటినదైతే ఆ దిగుడు బ్రేకులకు అసలు పరీక్ష.

లెక్క చూడండి. 1,100 కిలోల కారు 60 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాని గతిశక్తి సుమారు లక్షన్నర జౌళ్లు. అదే కారు 600 మీటర్ల ఎత్తు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి 65 లక్షల జౌళ్లు. అంటే నలభైకి పైగా సార్లు ఆ వేగం నుంచి పూర్తిగా ఆగినంత. ఇంజను గేరు కొంత మోస్తుంది, మిగిలినది బ్రేకుల్లో వేడిగా మారుతుంది.

బ్రేకులను నడిపేది ద్రవ పీడనం. పెడల్‌పై 300 న్యూటన్ల బలంతో తొక్కారనుకుందాం. మీట దాన్ని ఐదు రెట్లు చేసి 19 మిల్లీమీటర్ల మాస్టర్ సిలిండర్ మీద పెడితే, బ్రేక్ ఆయిల్‌లో పీడనం 50 బార్లు దాటుతుంది. కారు టైరులో ఉండేది రెండు బార్లే. ఈ పీడనాన్ని ఎక్కువ దూరం లోహపు పైపులే మోస్తాయి. చక్రం ఎగిరిపడే చోట మాత్రం వంగే గొట్టం కావాలి. పాత కార్లలో చాలావాటికి ముందు రెండు, వెనక ఇరుసు దగ్గర ఒకటి ఉంటాయి.

గొట్టం లోపల రబ్బరు పొర, చుట్టూ నూలు అల్లిక, పైన మరో రబ్బరు పొర. ఎండ, ఇంజను వేడి, గాలిలోని ఓజోన్ పై పొరను పగలగొడతాయి. ఆ పగుళ్లు కంటికి కనబడతాయి. కనబడనిది ప్రమాదం. లోపలి పొర ఉబ్బినా, ఊడినా, ఆ ముక్క తలుపులా పనిచేస్తుంది. కాలి బలం ద్రవాన్ని అటు నెట్టగలుగుతుంది, కాలు తీశాక అది వెనక్కి రాదు. బ్రేకు సగం పట్టే ఉంటుంది, చక్రం కాగిపోతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది. మెకానిక్ కాలిపర్ మార్చేసినా జబ్బు పోదు, ఎందుకంటే అది గొట్టంలో ఉంది.

రబ్బరు గుండా నీటి ఆవిరి కూడా మెల్లగా లోపలికి చేరుతుంది. కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల వరకూ మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక ప్రమాణం అడిగేది 140 డిగ్రీలే. ఘాట్‌లో ఆ వేడి దాటితే ద్రవం ఆవిరవుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ నేలకు దిగుతుంది.

గొట్టం పగిలితే? భిలాయి పట్టాలపై నడిచే రైలుకు వెస్టింగ్‌హౌస్ 1872 నాటి ఆలోచనే కాపలా: గాలి గొట్టం తెగితే బ్రేకులు వాటంతటవే పడతాయి. కారు హైడ్రాలిక్ బ్రేకులో దీనికి పూర్తిగా తలకిందులు, పీడనం పోతే బ్రేకు పోతుంది. ఒకే సర్క్యూట్ ఉన్న వెనకటి కార్లలో ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాలూ చేజారతాయి. రెండు భాగాల మాస్టర్ సిలిండర్ వచ్చాక సగమైనా మిగులుతోంది. నన్నడిగితే పాత బండికి చేయదగ్గ మొదటి మార్పు ఇదే.

చాలామంది ముందుగా అడిగేది మాత్రం డిస్క్ బ్రేకులు. డ్రమ్‌లో తిరిగే డ్రమ్మే ఒక షూని లాక్కుని ఇంకా గట్టిగా నొక్కుతుంది. డిస్క్‌కు ఆ సాయం లేదు, కాబట్టి బూస్టర్, సరిపడా ద్రవం నెట్టే మాస్టర్ సిలిండర్ కావాలి. డ్రమ్‌ల కోసం కొంత పీడనం నిలిపి ఉంచే వాల్వ్ అలాగే మిగిలితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటాయి. వెనక చక్రాలు ముందే లాక్ అయితే బండి తిరిగిపోతుంది. స్టీల్ అల్లిక గొట్టాలు తక్కువ ఉబ్బుతాయి, పెడల్ గట్టిగా తగులుతుంది. అయితే లోపలి ట్యూబు దెబ్బతిన్నా అల్లిక దాన్ని దాచేస్తుంది, పక్క భాగాలను రాచి కోస్తుంది కూడా. ఇక టైరు పట్టును మించి ఏ బ్రేకూ ఆపలేదు.

గొట్టాలపై చాలావరకు తయారీ నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, గొట్టాన్ని వంచి టార్చిలైటుతో చూస్తే పగుళ్లు, ఉబ్బు తెలుస్తాయి. ఒకటి పోతే మూడూ మార్చి, ద్రవం కొత్తది పోసి, గాలి తీయించాలి. ఇంజను ఆయిల్ మాత్రం ఎవరు చెప్పినా పోయనివ్వకండి, అది ఆ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది.