చరిత్ర పాఠమునకు చేతివ్రాత పత్రిక

చరిత్రమనగా రాజుల పేరులును, యుద్ధములు జరిగిన యేండ్లును వల్లించుటయే యని మన పిల్లలలో పెక్కుమంది తలచుచున్నారు. పరీక్ష ముగిసిన మరునాడే యవి మరపున పడిపోవును. తొమ్మిదవ తరగతిలో చదువు ఫ్రెంచి విప్లవము సంగతియు నిట్టిదే. 1789 జూలై 14న పారిసు ప్రజలు బాస్టిల్ కోటను పట్టుకొనిరని పిల్లలు తడుముకొనక యప్పగింతురు. ఏల పట్టుకొనిరి, ఆ దినములలో వారి యిండ్ల పొయ్యి వెలిగెనా యని యడిగినచో తెల్లబోవుదురు.

మా వారి ఉపాధ్యాయ వృత్తిని బట్టి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో మేము కాపురముంటిమి. సాయంకాలము మా యరుగు మీదికి వచ్చు బాలబాలికలచేత ఈ పాఠమును చేతివ్రాత పత్రికగా వ్రాయించుచుందుము. దీనికి కావలసినది నాలుగు ఠావుల కాగితమును, కొంత ఓపికయు మాత్రమే. ఒకరు సంపాదకులు, ఒకరు ధరల విలేఖరి, ఒకరు కోట యొద్ద నిలిచినవారు, ఒకరు అంగడివీధిలో తిరుగువారు. సంగతులు పుస్తకముల నుండియే గ్రహింపవలెను. కల్పన యంతయు చెప్పు తీరునందే యుండవలెను. నియమములు మూడు. పత్రిక తేదీకి తరువాత జరిగినదేదియు వ్రాయరాదు; 1793లో రాజునకు మరణశిక్ష పడునని 1789లో నెవరికి తెలియును? కన్నది, విన్నది, ఊహించినది వేరు వేరుగా చెప్పవలెను. ఒక పక్షము మాటతో పాటు రెండవ పక్షము మాటయు నుండవలెను.

మొదట ధరల వార్త. 1788 జూలైలో వడగండ్ల వాన ఫ్రాన్సు పైరులను పాడుచేసెను. వెనువెంటనే కఠినమైన చలికాలము వచ్చెను. 1789 ఫిబ్రవరి నాటికి పారిసులో నాలుగు పౌనుల రొట్టె వెల 14½ సూలకు ఎక్కినది. సూ యనునది ఆనాటి ఫ్రెంచి చిల్లర నాణెము. కూలివానికి దినమునకు దొరకునది 20 మొదలు 30 సూలు. ఇంటిల్లిపాదికి రొట్టె కొనిన పిదప మిగులున దేమున్నది? జొన్నరొట్టెతో పెరిగి, కరవు మాట పెద్దల నోట విన్న పాలమూరు బిడ్డకు ఈ లెక్క వేరొకరు విప్పి చెప్పనక్కరలేదు.

ఒక బాలిక తన వార్తలో ప్రజలు ఆగ్రహించిరని మాత్రమే వ్రాసినది. ఆ ప్రజలలో నీ యీడు పిల్ల యుండినచో ఆమె యింట నేమి జరిగియుండునని యడిగితిమి. తెల్లవారకముందే తల్లి రొట్టెల యంగడి ముందు నిలిచినదనియు, ప్రొద్దెక్కిన పిదప వట్టి చేతులతో మరలి వచ్చినదనియు ఆమె తిరిగి వ్రాసి తెచ్చినది. నాటి నుండి ఆ పాఠము ఆమెకు మరల వల్లించు పని లేకపోయెను.

సంపాదకుని పని యింకను కష్టము. రొట్టె లేనివారు తీపిరొట్టె తినవచ్చునని రాణి మేరీ ఆంత్వానెత్ అన్నదని లోకమెల్ల చెప్పుకొనును. ఆమె యట్లన్నదనుటకు ఆధారము లేదు. రూసో తన యాత్మకథలో పేరు చెప్పక ఒక రాకుమార్తె నోట ఇట్టి మాట పలికించెను; ఆయన యది వ్రాయునాటికి మేరీ ఆంత్వానెత్ ఆస్ట్రియాలో చిన్నపిల్ల. కావున ఆ వాక్యమును కొట్టివేయవలసినదే. ఆమె దోషములు వేరుగా నుండవచ్చును గాక. అనని మాటను అంటగట్టుట న్యాయము కాదు. ఆడుదాని పేర పుట్టిన నింద యెంత కాలము బ్రతుకునో మనకు తెలియనిదా?

1789 అక్టోబరు 5న పారిసు అంగళ్లలోని స్త్రీలు వేలకొలది కూడి, వానలో సుమారు 20 కిలోమీటర్లు నడచి, వెర్సాయి రాజభవనమునకు పోయి రొట్టె అడిగిరి. మరునాడు రాజకుటుంబము వారితో పారిసునకు రావలసి వచ్చెను. దేశపు గతిని మరల్చిన ఆ స్త్రీలలో తమ కథను తామే వ్రాసి యుంచినవారు బహు స్వల్పము. వారిని గూర్చి ఇతరులు వ్రాసినదే మనకు మిగిలినది.

వ్రాసికొననివారి మాట లేకుండ పోవునని మన సీమవారే యొకరు చక్కగా గుర్తెరిగిరి. గద్వాల ప్రాంతమున జన్మించిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో హైదరాబాదున గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరన్న మాటకు వారు కోపముతో బదులు చెప్పలేదు. ఊరూర నుండి పద్యములు రప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. పత్రిక చేయగల పని యిట్టిది.

అందుచేత పిల్లలు పారిసు పత్రిక ముగించిన పిదప రెండవ సంచికను మన యూరి మీద వ్రాయింతుము. 1789 ఆగస్టు 4 రాత్రి ఫ్రెంచి ప్రభువులు తమ జమీందారీ హక్కులను వదలుకొనిరి. సరిగా 160 ఏండ్లకు, 1949 ఆగస్టులో, హైదరాబాదు రాష్ట్రమున జాగీర్ల రద్దు శాసనము వచ్చెను. గద్వాల, వనపర్తి వంటి సంస్థానముల కాలమును దానితో ముగిసినది. ఆ దినములను కన్నవారు నేడు ఎనుబది దాటిన వృద్ధులు. వెట్టి యెట్లుండెను, శిస్తు నెవరు వసూలు చేసిరి, ఆ యేట ఇంట నేమి వండుకొనిరి, దొరను గూర్చి మంచి యెవరు చెప్పిరి, చెడు యెవరు చెప్పిరి యని పిల్లలు అడిగి వ్రాసికొని వత్తురు.

సోదరీమణులారా! మీ యింటి బిడ్డ కాగితము పట్టుకొని అత్తగారి యొద్దకో అమ్మమ్మ యొద్దకో వచ్చినప్పుడు, పనివేళయని కసరకుడు. ముసలమ్మకు ఏమి తెలియునని నవ్వకుడు. ఆమెను కూర్చుండబెట్టి, బిడ్డచేత తేదీ వేయించి, చెప్పినది చెప్పినట్లు వ్రాయనిండు. పారిసు అంగడి స్త్రీల మాటలు పోయినవి. మన యవ్వల మాటలు ఇంకను మన వంటయింటి గడప వద్దనే యున్నవి.