ఇంజనులో టకటక

కారు పాతబడేకొద్దీ దాని చప్పుళ్ళన్నీ ఇంటిల్లిపాదికీ అలవాటైపోతాయి. కాని ఇంజను పైభాగంనుంచి కుట్టుమిషను ఆడినట్లు టకటక వినిపిస్తూ, యాక్సిలరేటరు తొక్కినకొద్దీ అది జోరందుకుంటే మాత్రం అలవాటు చేసుకోరాదు. "టాపెట్ కొడుతోంది సార్" అని మెకానిక్కులు చెప్పేది దీన్నే.

వాల్వు తెరుచుకోవటానికి కావలసిన తోపు కామ్‌షాఫ్టు మీది వుబ్బెత్తునుంచి వస్తుంది. ఆ తోపును అందుకొని పైకి పంపేది లిఫ్టరు. పాత అంబాసిడరు ఇంజనులో అది వట్టి ఇనుప ముక్కే. వేడికి లోహం సాగుతుంది గనుక కాస్త సందు వదిలి, ఫీలర్ గేజీతో కొలిచి, స్క్రూ తిప్పి సరిచేసేవారు. ఆ రకంలో కొంచెం చప్పుడు మంచిదే. సందు మరీ బిగిస్తే చప్పుడు పోతుంది, దానితోపాటు వాల్వూ కాలిపోతుంది!

ఈ బాధ లేకుండా వచ్చింది హైడ్రాలిక్ రకం. 1930లో వచ్చిన కాడిలాక్ పదహారు సిలిండర్ల కారులోనే ఈ యేర్పాటు వుంది. లోపల చిన్న పిస్టను, స్ప్రింగు, ఒక గోళీ వుంటాయి. ఒత్తిడితో వచ్చిన ఇంజనాయిలును గోళీ వెనక్కు పోనివ్వదు. ఆ ఆయిలే సందును పూడుస్తుంది. మురికి చేరి గోళీ సరిగా కూర్చోకపోయినా, పిస్టను అరిగినా ఆయిలు జారిపోయి టకటక మొదలౌతుంది.

లిఫ్టరు ఖరీదు తక్కువే. ఇంజను విప్పే కూలి యెక్కువ. కాబట్టి మొదటి మాటకే విప్పటానికి ఒప్పుకోకండి. తెల్లవారి స్టార్టు చేయగానే కొద్ది సెకండ్లు కొట్టి ఆగిపోతే భయం లేదు. వేడెక్కినా కొడుతుంటే ముందు డిప్‌స్టిక్కు తీసి చూడండి. ఆయిలు తగ్గినా తప్పే, మరీ యెక్కువైనా తప్పే. నురగ కట్టిన ఆయిలు లిఫ్టరును నిలబెట్టలేదు. పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిలు, కొత్త ఫిల్టరు వేయించి కొన్నాళ్ళు నడిపితే మురికివల్ల పట్టేసినవి ఒక్కొక్కప్పుడు విడిపోతాయి. ఆయిలు దీపం వెలిగితే మాత్రం ఇదంతా ఆలోచించకుండా ఇంజను వెంటనే ఆపెయ్యాలి.

పెట్రోలు ఇంజెక్టర్లూ టిక్కుటిక్కుమంటాయి. ఎగ్జాస్టు గాస్కెట్టు కారినా ఇటువంటి చప్పుడే. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవిదగ్గర పెట్టుకుంటే చప్పుడు యెక్కడిదో తెలుస్తుంది. ఆ సమయంలో కండువా ఫానులో పడకుండా చూసుకోండి.

అప్పటికీ తగ్గకపోతే విప్పక తప్పదు. ఇంకా నానబెడితే అరిగిన ఇనుప రజను ఆయిలులో కలిసి బేరింగులదాకా పోతుంది. కామ్‌మీద నేరుగా రాసుకునే బల్లపరుపు రకమైతే, విప్పినవాటిని యే గూటిది ఆ గూటికే అని గుర్తుపెట్టి వుంచాలి; ఒకదాని చోట మరొకటి వేయరాదు. పుదుపేటలో పాతది చవగ్గా దొరికినా ఈ రకంలో తీసుకోకూడదు. అరిగిన కామ్‌మీద కొత్త లిఫ్టరు వేసినా అదీ త్వరలోనే పోతుంది.

బిల్లు చెల్లించేముందు తీసేసిన లిఫ్టరును అడిగి తీసుకోండి. అడుగుభాగం గుంటపడి వుంటే, కామ్‌షాఫ్టు సంగతి యేమైందని అక్కడే అడగండి.