నలుగురు మాట్లాడే వీడియోకి ఎన్ని మైకులు కావాలి? పిన్ని మాట పోయాక నేను నేర్చుకున్నది



ఈసారి కషాయాల గురించి కాకుండా మైకుల గురించి రాస్తున్నాను. ప్రకృతి వ్యవసాయం చేసుకునేవాళ్లకి మైకులెందుకు అనుకోకండి. మీలో చాలామంది ఇప్పుడు ఫోన్లతో సొంతంగా వీడియోలు తీస్తున్నారు, వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నారు. ఒకరి వీడియో చూసి ఇంకొకరు డ్రమ్ము కలుపుతున్నారు, పంపు భుజానికి తగిలిస్తున్నారు. అలాంటప్పుడు మోతాదు చెప్పే మాట వినపడకపోతే ఏమవుతుందో పోయిన ఏడాది నాకు తెలిసొచ్చింది. అందులో తప్పు నాదే. అందుకే దాచుకోకుండా మొత్తం చెబుతాను.

ఏం జరిగిందంటే

ఒక మిరప చేలో వీడియో తీశాం. మాట్లాడేవాళ్లు నలుగురు. పొలం బాబాయ్, ఆయన భార్య పిన్ని, పక్క చేను తమ్ముడు, ప్రశ్నలు అడిగే నేను. నా దగ్గర రెండే మైకులున్నాయి. కాలర్ మైకు బాబాయ్ చొక్కాకి పెట్టాను, రెండోది కెమెరా మీద బిగించాను. "పెద్దాయనే కదా ఎక్కువ మాట్లాడేది, మిగతావాళ్ల మాటలు కెమెరా మైకులో పడతాయిలే" అనుకున్నాను.

చెట్టు కింద రెండు డ్రమ్ములున్నాయి. ఒకదాంట్లో నీమాస్త్రం, రెండోదాంట్లో అగ్నిఅస్త్రం. బాబాయ్ నీమాస్త్రం వైపు చెయ్యి చూపించి "దీన్ని నీళ్లు కలపకుండా అట్టాగే కొట్టుకోవచ్చు" అన్నాడు. ఆ టైముకి నా కెమెరా అగ్నిఅస్త్రం డ్రమ్ము మీద ఉంది. పిన్ని అది గమనించి వెంటనే చెప్పింది: "బాబూ, నువ్వు తీసేది ఆ డ్రమ్ము కాదు. అది అగ్నిఅస్త్రం. వంద లీటర్ల నీళ్లకి రెండు మూడు లీటర్లే పొయ్యాలి."

నేను తల ఊపాను. షూటింగ్ సాగిపోయింది. ఆమె మాట రికార్డు అయిందనే అనుకున్నాను.

ఎడిటింగు చేసేటప్పుడు అక్కడ మోటారు మోత తప్ప ఇంకేం వినపడలేదు. పిన్ని ఏదో అన్నట్టు లీలగా ఉందంతే. నేను ఆ సంగతే మర్చిపోయి ఉన్నాను. సౌండు బాగాలేదని ఆ నాలుగు సెకన్లు తగ్గించేసి వీడియో పెట్టేశాను.

తొమ్మిదో రోజు ఒక అన్న ఫోన్ చేశాడు. "తమ్ముడూ, మీ వీడియోలో చెప్పినట్టే నీళ్లు కలపకుండా అగ్నిఅస్త్రం కొట్టాను. నాలుగు సాళ్లు మిరప ఆకు మాడిపోయింది" అన్నాడు. ఆయన ముందు నాలుగు సాళ్లకే కొట్టి చూశాడు కాబట్టి చేనంతా పోలేదు. ఆ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, సౌండు పెంచి మళ్లీ విన్నాను. మోటారు మోత కింద పిన్ని గొంతు ఉంది. నలుగురిలో సరిగ్గా చెప్పింది ఆమె. నలుగురిలో మైకు ఇవ్వాలని నాకు తట్టనిది కూడా ఆమెకే.

ఆ వీడియో తీసేశాను. రెండు వారాల తర్వాత అదే చేలో, అదే నలుగురితో మళ్లీ తీశాం. పైన మీరు చూసే వీడియో అదే. ఈసారి ఏ మైకు ఎవరికి, ఎందుకు పెట్టామో చెబుతాను.

ముందు ఒక లెక్క అర్థం చేసుకోండి

మైకు ఖరీదు కంటే నోటికి మైకు ఎంత దగ్గరుందన్నది ముఖ్యం. ఆరుబయట దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ మాట 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కాలర్ మైకు గడ్డం కింద జానెడు దూరంలో, అంటే ఇంచుమించు 20 సెంటీమీటర్లలో ఉంటుంది. కెమెరా 2 మీటర్ల దూరంలో ఉంటే అది పది రెట్లు. అక్కడికి చేరేసరికి మాట 20 డెసిబెల్స్ పడిపోతుంది. దూరంగా ఉన్న బోరు మోటారు మోత మాత్రం రెండు మైకుల్లోనూ ఇంచుమించు ఒకేలా పడుతుంది. అందుకే ఎంత ఖరీదైన మైకు కెమెరా మీద పెట్టినా, పక్కన నిలబడ్డ మనిషి మాట మోటారు కింద నలిగిపోతుంది. ఎడిటింగులో పెంచితే మోటారు కూడా దాంతోపాటే పెరుగుతుంది.

ఏ మైకు ఎక్కడ పనికొస్తుంది

కెమెరా మీద పెట్టే పొడుగు మైకు (షాట్‌గన్): ఎదురుగా, దగ్గరగా ఉన్న ఒక్క మనిషికి బాగుంటుంది. ఎటు తిప్పితే అటు వింటుంది, పక్కల నుంచి వచ్చేది తగ్గిస్తుంది. నలుగురు వరసగా నిలబడితే చివరి ఇద్దరూ దానికి పక్కవాళ్లే అవుతారు. పిట్టల అరుపులు, పిచికారీ చప్పుడు లాంటివాటికి దాన్ని వాడుకోండి.

చేతి మైకు: సభల్లో పట్టుకునే రకం. నోటికి బాగా దగ్గర పెట్టుకుంటే చుట్టుపక్కల గోల తక్కువగా పడుతుంది. రైతు సమావేశాల్లో, పొలంబడుల్లో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడేటప్పుడు ఇదే మేలు. రెండు ఇబ్బందులున్నాయి. జీవామృతం కలిపే మనిషికి చెయ్యి ఖాళీ ఉండదు. మొహమాటం ఉన్నవాళ్లు మైకు అడిగి తీసుకోరు. పిన్ని లాంటివాళ్లు అసలే అడగరు.

వైరు కాలర్ మైకు: తక్కువ ఖర్చుతో అయ్యేది ఇదే. నేను కొన్న బోయా బీవై-ఎం1 వెయ్యి రూపాయల లోపే పడింది. వైరు 6 మీటర్లుంటుంది. దాన్ని కెమెరా దాకా లాగక్కర్లేదు. మాట్లాడే మనిషి ఫోనుకే పెట్టి, రికార్డర్ యాప్ ఆన్ చేసి, ఫోను జేబులో వేసుకోమంటే చాలు. నలుగురు రైతులుంటే నాలుగు ఫోన్లు ఎలాగూ ఉంటాయి. నాలుగు వైరు మైకులు కొనుక్కుంటే నాలుగు రికార్డర్లు ఉన్నట్టే.

పిన్ను చూసి కొనండి. ఫోనుకి పనికొచ్చే పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి, కెమెరాకి పనికొచ్చేదాని మీద రెండుంటాయి. గుండ్రటి జాక్ లేని కొత్త ఫోన్లకి టైప్-సి పిన్ను ఉన్నది తీసుకోండి. బీవై-ఎం1కి ఫోనుకి ఒకటి, కెమెరాకి ఒకటి అని చిన్న స్విచ్ కూడా ఉంటుంది. అది ఎటుందో ముందే చూసుకోవాలి.

వైర్‌లెస్ కాలర్ మైకులు: ఒక రిసీవరు, రెండు ట్రాన్స్‌మిటర్లతో వస్తాయి. రోడ్ వైర్‌లెస్ గో 2, డీజేఐ మైక్ అలాంటివే. తిరుగుతూ మాట్లాడేవాళ్లకి చాలా సుఖం. సెట్టింగులో ఇద్దరి మాటా కలిపెయ్యకుండా ఒకరిది ఎడమ వైపు, ఒకరిది కుడి వైపు విడిగా రికార్డు అయ్యేలా పెట్టుకోండి. చాలా కిట్లు 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. నీళ్లు ఆ సిగ్నల్‌ని మింగేస్తాయి. మన ఒంట్లో ఉన్నది ఎక్కువగా నీళ్లే, పచ్చటి మొక్కజొన్న, చెరకు ఆకుల్లో ఉన్నదీ నీళ్లే. ట్రాన్స్‌మిటర్ నడుం వెనక పెట్టుకుని మనిషి మన వైపు తిరిగి నిలబడితే, చేను అడ్డమొస్తే, మాట తెగిపోతుంది. ట్రాన్స్‌మిటర్ ముందు వైపు ఉంచండి, రిసీవరుకి కనపడేలా ఉంచండి. ట్రాన్స్‌మిటర్‌లోనే రికార్డు చేసుకునే సదుపాయం ఉన్న కిట్టు అయితే సిగ్నల్ తెగినా మాట పోదు. కొనేటప్పుడు నేను అన్నిటికంటే ముందు అడిగేది అదే.

నాలుగు మైకులు పెట్టుకునే పెద్ద రికార్డర్లు కూడా ఉన్నాయి. జూమ్ హెచ్6కి నాలుగు మైకు సాకెట్లుంటాయి. గదిలో బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడేవాళ్లకి అవి బాగుంటాయి. గట్ల మీద తిరిగే మనకి వాటితో పనిలేదు.

మేం ఎవరికి ఏది పెట్టాం

బాబాయ్, పిన్ని డ్రమ్ముల మధ్య తిరుగుతారు కాబట్టి వైర్‌లెస్ రెండూ వాళ్లకే పెట్టాం. తమ్ముడు ఒకచోటే నిలబడతాడు కాబట్టి వైరు మైకు పెట్టి ఆయన ఫోనుకే తగిలించాం. నేను కూడా అలాగే నా ఫోనులో రికార్డు చేసుకున్నాను. మొత్తం నాలుగు మైకులు, నలుగురి మాటా వేరువేరుగా.

నెమ్మదిగా మాట్లాడేవాళ్లకి మంచి మైకు ఇవ్వాలి. ఇంతకుముందు నేను దీన్ని తిరగేసి చేశాను. బాబాయ్ గొంతు గట్టు అవతలికి వినపడుతుంది, ఆయన మాట ఎక్కడైనా పడుతుంది. పిన్ని ఆయన మాట్లాడేటప్పుడు మధ్యలో, మెల్లగా, ఒక్క ముక్క అంటుంది. చాలా ఇళ్లలో కషాయం కలిపేది ఆడవాళ్లే, కొలతలు గుర్తుండేది కూడా వాళ్లకే. ఆ ఒక్క ముక్క కోసమే కదా మనం వీడియో తీసేది.

బట్ట మీద పెట్టేటప్పుడు

మగవాళ్లకి చొక్కా రెండో బొత్తం దగ్గర పెడితే సరిపోతుంది. భుజం మీద తుండు తీసి పక్కన పెట్టమనండి, లేకపోతే రాసుకుని గరగరమంటుంది. ఆడవాళ్లకి కొంగు అంచు మీద పెడితే కొంగు కదిలినప్పుడల్లా మైకు కదులుతుంది. కొంగు కదలకుండా పిన్నుతో బిగించాక, దాని మీద పెట్టుకోమనండి. ఎక్కడ పెట్టాలో మన మీద చూపించి, వాళ్లనే పెట్టుకోనివ్వండి, లేదా ఇంట్లో ఆడపిల్లల చేత పెట్టించండి. పుస్తెలతాడు, గొలుసులు మైకుకి తగలకూడదు.

గాలికి మైకు మీద బొచ్చు తొడుగు తప్పనిసరి. స్పాంజి తొడుగు ఇంట్లోకి చాలు, చేలో గాలికి ఆగదు. డ్రమ్ము మీదకి వంగే పని ఉంటే క్లిప్పు గట్టిగా ఉందో లేదో చూడండి. గోమూత్రంలో పడిన మైకు మళ్లీ పనిచెయ్యదు!

షూటింగ్ రోజు మేం చేసిన పనులు

1. బోరు మోటారు ఆపించాం. ఆపే వీలు లేకపోతే దానికి దూరంగా, డ్రమ్ముల్నే జరిపి పెట్టుకోండి.

2. ఫోన్లన్నీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాం. మధ్యలో ఫోన్ వస్తే ఆ రికార్డింగు ఆగిపోవచ్చు.

3. అన్ని రికార్డర్లూ ఆన్ చేశాక, కెమెరా ముందు నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టాం. ఎడిటింగులో ఆ చప్పట్ల గుర్తుతోనే నాలుగు రికార్డింగులూ ఒకదాని కింద ఒకటి సర్దుకోవచ్చు. ఫోన్ల గడియారాల్లో కొద్దిపాటి తేడా ఉంటుంది. ఎక్కువసేపు ఆపకుండా తీస్తే పెదవి కదలికకీ మాటకీ పొంతన తప్పుతుంది. అందుకని ప్రతి పది నిమిషాలకి ఆపి మళ్లీ చప్పట్లు కొట్టాం.

4. మనిషికీ మనిషికీ మధ్య చెయ్యి చాపినంత దూరం ఉంచాం. నోటికి మైకు జానెడు దూరంలో ఉంటే, పక్క మనిషి మైకు కనీసం మూడు జానల అవతల ఉండాలి. దగ్గరగా ఉంటే ఒకరి మాట రెండు మైకుల్లో పడి, డొల్ల గొట్టంలోంచి మాట్లాడినట్టు వస్తుంది.

5. సౌండు లెవెల్ మామూలు మాటకి మైనస్ 12 దగ్గర ఉండేలా పెట్టాం. దానంతటదే పెరిగి తగ్గే ఆటో లెవెల్ ఆపేశాం. అది ఆన్‌లో ఉంటే మాట ఆగినప్పుడల్లా చేలో గోల పైకి లేస్తుంది.

6. ఒక మనిషికి హెడ్‌ఫోన్స్ పెట్టి, వినడమే పనిగా కూర్చోబెట్టాం.

ఈ ఆరో పని పిన్ని మనవరాలు చేసింది. మొదటి రెండు నిమిషాలకే చెయ్యెత్తి ఆపింది. "నానమ్మా, నీ మాట కంటే గాజులే ఎక్కువ వినపడుతున్నాయి" అంది. పిన్ని నవ్వుకుంటూ గాజులు మోచేతి వైపు జరిపి, వాటి మీద నా జేబురుమాలు చుట్టుకుంది. వినే మనిషి లేకపోతే ఆ రోజు కూడా ఇంటికెళ్లాకే నాకు ఆ సంగతి తెలిసేది.

ఎడిటింగులో

నాలుగు మైకులూ ఒకేసారి తెరిచి ఉంచకండి. ఒకే మోత వినే మైకులు రెట్టింపు అయిన ప్రతిసారీ ఆ మోత ఇంచుమించు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ల మైకు ఉంచి మిగతావి తగ్గించండి. కానీ తగ్గించే ముందు ప్రతి రికార్డింగునీ విడిగా ఒక్కసారి పూర్తిగా వినండి. నేను ఆ నాలుగు సెకన్లు తగ్గించింది వినకుండానే.

ఇంకో సంగతి. మైకు ఎంత బాగున్నా, మోతాదు చెప్పిన ప్రతిచోటా ఇప్పుడు తెర మీద అక్షరాల్లో కూడా వేస్తున్నాను. వేసే ముందు చెప్పినవాళ్లకి చూపించి అవునా కాదా అని అడుగుతున్నాను. ఇక్కడ కూడా రాస్తున్నాను, చూసుకోండి:

నీమాస్త్రం: నీళ్లు కలపకుండా నేరుగా పిచికారీ చేసుకోవాలి.

అగ్నిఅస్త్రం: 100 లీటర్ల నీళ్లకి 2 నుంచి 3 లీటర్లు మాత్రమే.

ఒకేసారి అన్నీ కొనలేకపోతే

ముందు రెండు వైరు కాలర్ మైకులు, వాటికి బొచ్చు తొడుగులు, ఒక హెడ్‌ఫోన్స్ తీసుకోండి. మాట్లాడేవాళ్లు నలుగురైతే ఇద్దరిద్దరిగా తీయండి. ఒకే ఫ్రేములో నలుగురుండి ఇద్దరి మాటే వినపడేకంటే అది మేలు. తర్వాత ఇంకో రెండు వైరు మైకులు కొనుక్కోండి. పంట డబ్బులు చేతికొచ్చాక వైర్‌లెస్ సంగతి చూడొచ్చు. ఊళ్లో సంఘం ఉంటే అందరూ కలిసి ఒక కిట్టు కొనుక్కున్నా సరిపోతుంది, వీడియో రోజూ తీయం కదా.

కొత్త వీడియో ముందు ఆ అన్నకే పంపించాను. ఆయన మిరపకి కొత్త చిగురు వచ్చిందట, కానీ ఆ నాలుగు సాళ్లూ మిగతా చేను కంటే వెనకబడే ఉన్నాయట. వీడియో మొత్తం చూసి ఫోన్ చేశాడు. "ఈ పిన్నిగారు అప్పుడు కూడా ఉన్నారా?" అని అడిగాడు. ఉన్నారన్నాను. "మరి ఆమె చేత చెప్పించలేదేం తమ్ముడూ?" అన్నాడు.

చెప్పింది అన్నా, నేనే మైకు పెట్టలేదు అన్నాను.