పట్టుపురుగుల గదిలోని వేడిమిని కంప్యూటరునకు తెలుపు బోర్డు

2022 వ సంవత్సరము ఏప్రిలు 4 వ తేదీన ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మూడును చేరియున్నవి. ఇచట వాన తక్కువ, ఎండ హెచ్చు. వేరుసెనగ వానను నమ్మిన పైరు. మల్బరీ బోరుబావిని నమ్మినది. ధర్మవరపు మగ్గములకు పట్టునూలు కావలయును. హిందూపురపు గూళ్ల మార్కెట్టులో వెల గూటి నాణ్యమునుబట్టి పలుకును. ఆ నాణ్యము చాలవరకు పురుగుల గదిలోని గాలినిబట్టి యుండును. కావున ఆ గాలిని కొలుచు విద్యను మన సంఘ సభ్యులు నేర్వదగును.

చాకీ పురుగులకు 26 మొదలు 28 డిగ్రీల వేడిమియు, నూటికి 80 మొదలు 90 పాళ్ల తేమయు కావలయును. నాల్గవ జ్వరము దాటిన పురుగులకు 24, 25 డిగ్రీలును, 70 పాళ్ల తేమయు చాలును. గోడకు తగిలించిన పాదరసపు థర్మామీటరు మనము చూచినపుడే చెప్పును. నడిరేయి రెండు గంటలకు దానిని ఎవరు చూతురు? ఐదు నిమిషములకొకసారి చూచి వ్రాసియుంచు పరికరమున్నచో రైతు నిదురింపవచ్చును. ఉదయమున రాత్రి సంగతి యంతయు చదువుకొనవచ్చును.

అట్టి పరికరమునకు సెన్సారు కన్ను, మైక్రోకంట్రోలరు గుమాస్తా, కంప్యూటరు లెక్కల పుస్తకము. సెన్సారు వేడిమిని విద్యుత్తుగా మార్చును. గుమాస్తా ఆ విద్యుత్తును అంకెగా మార్చి పంపును. పుస్తకము దానిని నిలుపును. 2005 వ సంవత్సరమున ఇటలీ దేశమందలి ఇవ్రియా పట్టణమున విద్యార్థులకై ఆర్డుయినో యను బోర్డును కల్పించి, దాని పటమును అందరికి వెల్లడిచేసిరి. అందుచేతనే మనమును దానిని స్వయముగ కట్టుకొనగలుగుచున్నాము.

కావలసిన వస్తువులివి: బూట్‌లోడరు ముందే నింపిన అట్మెగా 328పి చిప్పు ఒకటి, 28 కాళ్ల సాకెట్టు, 16 మెగాహెర్ట్జుల క్రిస్టలు, 22 పికోఫారడుల కెపాసిటర్లు రెండు, 100 నానోఫారడులవి మూడు, 10 కిలో ఓముల రెసిస్టరు ఒకటి, యూఎస్‌బీ సీరియల్ బోర్డు ఒకటి, ఎల్ఎం35 సెన్సారు ఒకటి, రంధ్రముల బోర్డు, సోల్డరు.

చిప్పు కొనయందలి గంటును పైకి పెట్టుకొని, ఎడమ ప్రక్క పైనుండి క్రిందికి 1 మొదలు 14 వరకును, కుడి ప్రక్క క్రిందినుండి పైకి 15 మొదలు 28 వరకును కాళ్లను లెక్కింపవలయును. 7, 20 కాళ్లకు 5 వోల్టులు. 8, 22 కాళ్లకు గ్రౌండు. ఈ రెండు జతల నడుమ 100 నానోఫారడుల కెపాసిటరు నొక్కొక్కటి చిప్పునకు అతి సమీపమున వేయవలయును. 9, 10 కాళ్ల నడుమ క్రిస్టలు. దాని రెండు కొనలనుండియు గ్రౌండునకు 22 పికోఫారడులవి. 1 వ కాలినుండి 5 వోల్టులకు రెసిస్టరు. సీరియల్ బోర్డు టీఎక్స్ తీగ 2 వ కాలికి, ఆర్ఎక్స్ తీగ 3 వ కాలికి, డీటీఆర్ తీగ మూడవ 100 నానోఫారడుల కెపాసిటరు ద్వారా 1 వ కాలికి చేరవలయును. 5 వోల్టులును గ్రౌండును యూఎస్‌బీనుండియే వచ్చును. ఆ తీగ 5 మీటర్లకు మించరాదు.

ఎల్ఎం35 చదును ముఖము మనవైపుండగా ఎడమ కాలు 5 వోల్టులకు, నడిమి కాలు చిప్పు 23 వ కాలికి, కుడి కాలు గ్రౌండునకు. తిరుగవేసిన సెన్సారు కాగి చెడును. కావున రెండుమారులు చూచి పిమ్మట తగిలింపుడు.

ఇక లెక్క. ఈ సెన్సారు డిగ్రీకి 10 మిల్లీవోల్టుల చొప్పున నిచ్చును. చిప్పు 5 వోల్టులను 1024 మెట్లుగ విభజించును. మెట్టొకటి ఇంచుమించు 4.9 మిల్లీవోల్టులు. కావున 25 డిగ్రీలకు 250 మిల్లీవోల్టులు, అనగా 51 మెట్లు. మెట్టునకు అర డిగ్రీ యని గుర్తుంచుకొనిన చాలును. ఆర్డుయినో కార్యక్రమమున అంకెను చదువుట, వేడిమిగ మార్చుట, సెకనుకు 9600 బిట్ల వేగమున పంపుట, ఐదు నిమిషములాగుట, ఇంతియే పని. తేమకు డీహెచ్‌టీ22 సెన్సారును చేర్చుకొనవచ్చును.

మా అనుభవమొకటి దాపక చెప్పుచున్నాము. మేము మొదట కట్టిన బోర్డు సరిగనే పనిచేసెను. కాని సెన్సారును రేకు కప్పు క్రింద వ్రేలాడదీసితిమి. మధ్యాహ్నము కంప్యూటరు 36 డిగ్రీలు చూపెను. మా మాట నమ్మి ఆ యింటి రైతు కిటికీలకు తడి గోనెలు కట్టి, మాటిమాటికి నీళ్లు చల్లెను. తట్టల మట్టమున వేడిమి 30 డిగ్రీలే. తేమ మితిమీరెను, ఆకు ఆరక పడక కుళ్లెను, కొన్ని తట్టల పురుగులు గూడు కట్టకయే చచ్చెను. రైతు మమ్ము నిందింపలేదు. అదియే మాకెక్కువ బాధ కలిగించెను. సెన్సారు తానున్నచోటి సంగతినే చెప్పును. కావున పురుగుల మట్టముననే దానిని కట్టుడు. మొదటి వారము ప్రక్కనే పాదరసపు థర్మామీటరునుంచి, దినమునకు మూడుమారులు రెండంకెలను పోల్చుడు. భేదమున్న దానిని లెక్కలో సవరింపుడు.

మల్బరీ తోట తడికిని ఈ బోర్డే ఉపకరించును. సెన్సారు మాత్రము వేరు. ఇనుప పుల్లల రకము మట్టిలోని లవణములచే త్వరలో తుప్పుపట్టును. కెపాసిటివ్ రకము మేలు. పొడి మట్టిలో నొకమారు, నీరు పెట్టిన మరునాడొకమారు అంకె వ్రాసికొనుడు. ఆ రెంటి నడుమనే మీ చేని కొలత యున్నది. పొరుగువాని చేని అంకె మీకు పనికిరాదు.

మోటారు తీగను ఈ బోర్డునకు ఎన్నడును తగిలింపరాదు. 230 వోల్టులు ప్రాణాంతకములు. ఒక్కొక్కరు వేరువేరుగ కొనుటకంటె పదిమంది సభ్యులు కూడి వస్తువులు తెప్పించి, గ్రామమున చదువుకొన్న యువకునొకనిచేత మొదటి బోర్డును కట్టించి, దానిని అందరును చూచుట మంచిది. అంకె చూచి తొందరపడక, తట్టలో చేయి పెట్టి చూచిన పిమ్మటనే గోనె తడుపుడు.