విద్యుత్తు దిద్దిన చారలు

కాకినాడ సముద్రతీరమున అల వెనుకకు తగ్గినపుడు తడియిసుకపై చారలు వరుసలుగా కనబడును. వానిని దిద్దినది నీటి కదలికయే. విద్యుత్తు కూడ ద్రవస్ఫటికములందు ఇట్టి చారలను కల్పింపగలదు.

ద్రవస్ఫటికము నీటివలె పారును. కాని దాని అణువులు ఇంచుమించు ఒకే దిక్కునకు తిరిగియుండును. 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు రైనిట్జర్ ఇట్టి పదార్థమును మొదట గుర్తించెను.

1963లో అమెరికా శాస్త్రజ్ఞుడు విలియమ్స్ గాజుపలకల నడుమ పలుచని ద్రవస్ఫటికపు పొరకు విద్యుత్తు ప్రయోగించిన విషయమును ప్రకటించెను. వోల్టేజి ఒక హద్దు దాటగనే సమాంతరములైన చారలు పొడసూపెను. విద్యుదావేశముగల కణములు కదలుచు ద్రవమును చిన్న సుడులుగా త్రిప్పును. అందు వంగిన అణువుల వరుసలు కటకములవలె వెలుగును ఒకచోట చేర్చును. అవియే ఆ చారలు.

వోల్టేజి ఇంకను పెంచినచో చారలు చెదరి ద్రవము పాలవలె తెల్లబడును. ఆపినచో మరల తేటపడును. 1968లో ప్రదర్శింపబడిన తొలి ద్రవస్ఫటిక ఫలకములకు ఈ మార్పే ఆధారము.

మితమైన బలము క్రమమును కల్పించును. మితిమీరిన బలము దానినే చెరచును.